గుంతలోంచి లేవని మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేటకుక్కకు తెచ్చిన రోజే పేరు పెట్టేవారు కాదు. మొదటి వేటలో, తుపాకీ దెబ్బకు పడిన పిట్టను తెచ్చి మా తాత చేతికి అందించిన రోజునే దానికి పేరు. అందించలేని కుక్క ఆ వేట నుంచి ఇంటికి తిరిగి వచ్చేది కాదు. ఇది ఎవరో రాసిపెట్టిన నియమం కాదు, మా తాతకు తాత కాలం నుంచి నడిచిన పద్ధతి. మంచిదా చెడ్డదా అని మాలో ఎవరూ అడగలేదు. అడగడం మా పద్ధతి కాదు.

పెనుకొండలో మా ఇంటిని అప్పటికే జనం పెద్దిల్లు అనడం మానేశారు. చెరువు కింద పొలాలు పోయాయి. గుర్రపు బండి పోయింది. నాకు అయిదేళ్లప్పుడు నాయన పోయారు. జోడుగొట్టాల తుపాకీ మాత్రం ఉంది, చలికాలంలో చెరువులో బాతులు దిగినప్పుడు నలుగురు పెద్దమనుషులను పిలిచి వేటాడించే ఆనవాయితీ ఉంది. అప్పట్లో వేటకు ఇప్పటిలా నిషేధం లేదు. ఆడపిల్లనైనా ఆ ఇంటికి మిగిలిన వారసురాలిని నేనే కాబట్టి మా తాత నన్ను ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోయేవారు. జాలి కోసం ఇవన్నీ చెప్పడం లేదు. ఆ కుక్క మీద మా ఇంట్లో ఎంత బరువు పెట్టారో తెలియాలని చెబుతున్నాను.

పాత కుక్క ముసలిదై చచ్చిపోయాక బెంగుళూరు నుంచి లాబ్రడార్ పిల్ల వచ్చింది. కొత్త బెల్లం రంగు. ఎవరూ లేనప్పుడు నేను దాన్ని బెల్లం అని పిలిచేదాన్ని. పిలవకూడదని తెలుసు. అయినా పశువుల కొట్టం వెనక మెల్లగా ఆ మాట అనగానే అది చెవులు ఎగరేసుకుంటూ వచ్చి నా పావడా అంచు పట్టుకునేది. ఎన్నిసార్లు పట్టుకున్నా ఆ అంచుకు చిరుగు పడలేదు.

ఈ జాతి కుక్క పని పిట్టను చంపడం కాదు. నీళ్లలో పడినదాన్ని ఈదుకుంటూ పోయి, నలగకుండా తెచ్చి ఇవ్వడం. అది నేర్పేవాళ్లు మాకు అందుబాటులో ఇద్దరే ఉండేవారు. ధర్మవరంలో ఒక నేతాయన, హిందూపురంలో పటాలం నుంచి రిటైరై వచ్చిన ఒకాయన. ఇద్దరినీ చూసి ఎంచుకుందామన్నారు తాత.

ముందు రైల్లో ధర్మవరం పోయాం. కుక్కపిల్ల గార్డు పెట్టెలో, మేము మూడో తరగతిలో. నేతాయన ఇల్లు ఇరుకైనది. ఇంట్లో సగం మగ్గమే. ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని నేస్తున్నాడు. మా తాత గడపలో నిలబడ్డారు. ఆయన లేవలేదు.

"రాండి సామీ, కూచోండి. అంచు కాడ ఉండాను, ఇప్పుడు లేస్తే పోగు తెగుతాది," అన్నాడు చేతులు ఆపకుండానే.

మా తాత కూర్చోలేదు. ఆయన నిలబడి ఉండగా ఇంకొకరు కూర్చుని మాట్లాడటం నేను అంతవరకు చూడలేదు. తాత చెవులు ఎర్రబడ్డాయి.

ఇంతలో వీధిలోంచి ఆయన కుక్క లోపలికి వచ్చింది. రంగులు వేసే ఇంటి నుంచి పట్టుదారం కట్టను నోట పెట్టుకుని తెచ్చి గుంత అంచున పెట్టి పడుకుంది. నేతాయన ఆ కట్టను మా పిల్లకు అందించమని నాకు సైగ చేశాడు. అది కట్టను పట్టుకుని గొప్పగా ఇల్లంతా ఒక చుట్టు తిరిగి నాకే తెచ్చి ఇచ్చింది. నేతాయన ఆ కట్టను తీసుకుని ముంజేతి మీద మెల్లగా రాసుకుని చూశాడు.

"ఒగ పోగు గూడా తెగలేదు చూడు పాపా. దీని నోరు మెత్తన. నేర్పేదేమీ లేదు, మనం చెడగొట్టకుండా ఉంటే సాలు."

ఏడాది పడుతుందన్నాడు. ఆ ఏడాదంతా దాని చెవిన తుపాకీ చప్పుడు పడకూడదన్నాడు. తుపాకీ పట్టే మనిషే వారానికి రెండుసార్లు వచ్చి కుక్క పక్కన నేల మీద కూర్చోవాలన్నాడు.

"నేనా?" అన్నారు తాత.

"కాల్చేది మీరే గదా సామీ. కుక్క కంటే ముందర మీరు నేర్సుకోవల్ల."

అంత చులకనగా మా తాతతో మాట్లాడిన మనిషి లేడని నాకు అనిపించింది. నిజానికి ఆ గొంతులో చులకన ఏమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. మేము గడప దాటుతుంటే ఆయన వెనక నుంచి, "యాడ నేర్పించినా సరే, ఒగసారి తెచ్చి నాకు చూపించి పోండి. మంచి నోరది," అన్నాడు. తాత వెనక్కి తిరక్కుండానే "తెస్తా" అన్నారు.

మరుసటి వారం హిందూపురం. జట్కా ఆగగానే ఖాకీ నిక్కరు వేసుకున్న ఆయన గేటు దాకా వచ్చి, మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. గోడకు కాలపట్టిక అంటించి ఉంది. పొద్దున ఇన్ని గంటలకు ఇది, సాయంత్రం ఇన్ని గంటలకు అది.

"మూడు నెల్లు ఈడ ఇడ్సిపోండి దొరా. మీరు వచ్చే పనే లేదు. బాతులు దిగేలోపల మీ కాళ్ల కాడ కూచుంటాది."

ఆయన వెనక మేకుకు ఒక మెడపట్టీ వేలాడుతోంది. లోపలివైపుకు ఇనుప పళ్లు ఉన్నాయి. నేను చూశాను. మా తాతా చూశారు. చూసి, కుక్కపిల్ల తాడు ఆయన చేతికి ఇచ్చారు.

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది, "యాడ ఇడిస్తిరి?" అని.

"మర్యాద తెలిసినోని దగ్గర," అన్నారు తాత.

మూడు నెలలకు తిరిగి వచ్చిన కుక్క కూర్చో అంటే కూర్చునేది, నిలబడు అంటే నిలబడేది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి ఉంగరంలా చర్మం కనిపించేది. కొట్టం వెనక బెల్లం అని పిలిచాను. రాలేదు. ఉన్నచోటనే కూర్చుండిపోయి నా చేతుల వైపు చూసింది.

ఆ చలికాలం వేటకు తాత ఒకాయనను ప్రత్యేకంగా పిలిచారు. ఒకప్పుడు మావైన పొలాలను దున్నించుకుంటున్నది ఆయనే. పొలాలు పోయినా పద్ధతి పోలేదని ఆయనకు చూపించాలి. తెల్లవారుతూనే గట్టు మీద చేరాం. తుపాకీ పేలింది. కుక్క ఒళ్లంతా వణికింది, కానీ చెప్పగానే నీళ్లలో దూకింది. బాతును పట్టుకుని వచ్చి తాత కాళ్ల దగ్గర కూర్చుంది. తాత చెయ్యి చాపారు. అది వదల్లేదు. నోట్లోది జారితే మెడకు ఏమవుతుందో దానికి బాగా నేర్పి ఉంటారు. ఎంత లాగితే అంత గట్టిగా బిగించింది. చివరికి ఊడి వచ్చిన బాతు పక్కటెముకలు నలిగిపోయి, పేగులు బయటికి వేలాడుతున్నాయి.

"ఏమప్పా, నమిలి తెచ్చిందే మీ కుక్క! ఇంగ మాకు మింగేదొగటే పని," అన్నాడు ఆ పెద్దమనిషి. అందరూ నవ్వారు. మా తాత కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

తాత కుక్కను తీసుకుని గట్టు అవతలికి దిగారు. నేను గట్టు అంచుకు పోయి చూశాను. "కూర్చో" అన్నారు. కూర్చుంది. తుపాకీ ఎత్తుతుంటే కూడా కదలకుండా, తల ఎత్తి ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. హిందూపురంలో అంత బాగా నేర్పారు.

నేను అరవలేదు. అరిచి ఉంటే ఆయన ఆగేవారేమో. కానీ వెనక అతిథులు ఉన్నారు, మా ఇంటి ఆడపిల్ల నలుగురిలో గొంతెత్తకూడదు. పదేళ్ల పిల్లకు అది అప్పటికే వంటబట్టింది. మా తాతను నిందించే హక్కు నాకు లేదని అనుకునేది అందుకే.

నాలుగు రోజుల తరువాత తాత పొద్దున్నే తలపాగా చుట్టుకుని, "మాట ఇచ్చినా," అని నన్ను లేపి ధర్మవరం రైలెక్కించారు. ఈసారి గార్డు పెట్టెతో పని లేదు. నేతాయన గుంతలోనే ఉన్నాడు. మగ్గం మీద చీర మాత్రం వేరే రంగుది.

"కుక్క యాడ సామీ?"

"లేదు. నేనే కాల్చినా."

పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగిపోయింది. ఎందుకని ఆయన అడగలేదు. "పేరేమి దానికి?" అన్నాడు. తాత నా వైపు తిరిగారు.

"బెల్లం," అన్నాను నేను.

ఆయన రెండు చేతులూ గుంత అంచుల మీద ఆనించి పైకి లేచాడు. మోకాలు తగిలి పడుగులో ఒక పోగు తెగి, ముడుచుకుని వెనక్కి పోయింది. ఆయన దాని వైపు చూడలేదు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మా తాత, గడప లోపల, వట్టి నేల మీద, మెల్లగా కూర్చున్నారు. ఆయన మోకాళ్లు పటపటమన్న చప్పుడు నాకు వినిపించింది.

నేతాయన తిరిగి గుంతలోకి దిగి తెగిన పోగు కొస కోసం వెతికాడు. దొరకడానికి చాలాసేపు పట్టింది. అది అతికేదాకా మా తాత నేల మీదనే ఉన్నారు. తరువాత ఇంకా తొమ్మిదేళ్లు బతికారు. మళ్లీ ఎవరినీ వేటకు పిలవలేదు.

మొన్న నా మనవడు అదే జాతి పిల్లను కొన్నాడు. శిక్షణ ఇచ్చే రెండు చోట్ల వీడియోలు ఫోనులో పంపి, ఏది మంచిది అవ్వా అని అడిగాడు. ఒకదానిలో పది కుక్కలు వరుసగా బొమ్మల్లా కూర్చుని ఉన్నాయి. వీడియోలు చూసి చెప్పలేనన్నాను. స్వయంగా పోయి ముందు కుక్కల మెడలు చూడమన్నాను. నిన్ను కూడా నేల మీద కూర్చోమన్నవాడి దగ్గరే చేర్చమన్నాను.

నా వెన్ను ఈ వయసులోనూ వంగలేదు. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో నేను లోపలికి పోయినప్పుడు ఎదుటివాళ్లు కుర్చీలోంచి కదలకపోతే, నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. అది మా రక్తం, పోదు. కానీ అప్పుడు గొంతు తెరవను. ముందు వాళ్ల చేతుల్లో ఏముందో చూస్తాను.