మానకూడని గాయం

మా నారాయణపేటలో పుండు మానిందంటే మందు మానేసినట్టే. రెండింటికీ ఒకటే మాట. ఆ మాటే మా బాపు కన్ను తీసింది.

బాపు చీరలు నేసేవాడు. నీటికాసుల జబ్బుతో ఒక కన్ను ముందే పోయింది. మిగిలిన ఆ ఒక్క కంటికి ఎనభైల చివర్లో హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేశారు. లోపల నీళ్లు నిలిచి నరాన్ని నొక్కకుండా, బయటికి పోయేందుకు చిన్న దారి కోశామన్నాడు డాక్టరు. ఆయనది కోస్తా వైపు. ఇంటికి పంపేటప్పుడు, "గాయం మానకూడదయ్యా, జాగ్రత్త. చుక్కలు వేస్తూనే ఉండాలి" అన్నాడు.

బాపు నొసలు ముడిచాడు. "మాటిమాటికి మగ్గం గుంతలకెల్లి లేసుడు నాతోని అయితదా సారూ? గా మందేదో ఒక్కపారే లోపట పెట్టరాదు?"

డాక్టరు నవ్వాడు. "నువ్వడిగిందాని కోసమే వెతుకుతున్నారయ్యా. గాయంలోనే ఉండి కొంచెం కొంచెంగా ఊరే మందు. మన దాకా ఇంకా రాలేదు."

బస్సులో బాపు ఒకటే నవ్వు. "సారు మంచోడే గని, మానొద్దంటడేంది బిడ్డా? నోరు జారినట్టుంది." ఇంటికొచ్చాక ఆ మాట విని మా అవ్వ, బాపు తల్లి, "తూ! గదేం పాడు మాట" అని కొడుక్కి దిష్టి తీసింది.

చుక్కలు నేనే వేసేదాన్ని. బాపు గుంతలో కూర్చునే తల వెనక్కి వాల్చేవాడు. ఒక చుక్క కంట్లో పడితే రెండు చెంప మీదికి కారేవి. కొన్నాళ్లకు ఎరుపు పోయి కన్ను తెల్లగా అయింది. అవ్వ సంబరం చూడాలి! "పుండు మానింది. ఇంక మందేంది? వేడి చేస్తది" అంది. నేను సీసా తెస్తే కసిరింది. తల్లి మాట బాపు దాటలేదు.

తర్వాత బాపు నేసే చీర అంచులో పోగులు తప్పసాగాయి. ఒక సాయంత్రం బల్బు వైపు చూసి, "చుట్టూ సింగిడి కనవడ్తాంది బిడ్డా" అన్నాడు, ఇంట్లోనే ఇంద్రధనుస్సు పొడిచిన వింత చూసినట్టు. తెల్లారే బాపును బస్సెక్కించాను.

మళ్లీ హైదరాబాదు. డాక్టరు మిషన్లోంచి చాలాసేపు చూసి, "మానిపోయింది" అన్నాడు.

బాపు ముఖం వెలిగిపోయింది. "అవు సారూ! మస్తు మంచిగ మానింది."

డాక్టరు తల దించుకున్నాడు. ఆ దారి మూసుకుపోయిందనీ, మళ్లీ కోసినా పోయిన చూపు తిరిగి రాదనీ మెల్లగా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. డాక్టరు మీద, అవ్వ మీద, అందరి మీద. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

షాద్‌నగర్‌లో బస్సు ఆగినప్పుడు బాపు నోరు తెరిచాడు. "మందు బంద్ చేయించింది మీ అవ్వ అని ఇంట్ల అనకు."

"మరి నీ కన్ను?"

"కన్ను పోయింది. ఇగ అమ్మను గూడ పోగొట్టుకోమంటవా?"

నేను అనలేదు. రెండోసారి కోసినా నిలవలేదు. బాపు మగ్గం విడిచి గోడ పట్టుకుని నడిచే రోజులొచ్చాయి. అప్పుడు కూడా అవ్వ ధైర్యం చెప్పేది. "పుండైతే మానింది గద కొడుకా. చూపు గూడ అదే వస్తది."

"వస్తదే అమ్మా" అనేవాడు బాపు, ఆమె ఎటు నిలబడిందో తెలియక, గోడవైపు తిరిగి.