అత్తగారి ఎడమచెయ్యి

మా అత్తగారు "చేశాను" అన్నప్పుడల్లా నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి అప్పటికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఆ మాట ఆవిడ నా ముఖం చూసి చెప్పేది కాదు, అంతే. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నాం. అబద్ధం ఆడేటప్పుడు ఆవిడ చూపు ఎటు పోతుందో నాకు తెలుసు. నాది ఎటు పోతుందో ఆవిడకీ తెలుసనుకోండి.

చేశాను అంటే వ్యాయామం చేశానని. ఆపరేషన్ అయిన ఎడమచేతి వేళ్లని రోజంతా కొంచెంసేపటికొకసారి వంచి చాపాలి. ఆ ఆపరేషన్ ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

మాది కడియం పక్కన చిన్న నర్సరీ. మొక్కల లోడ్లు మా ఆయన చూసుకుంటారు, సగం రోజులు లారీల వెంట బయటే. నేను ఊళ్లో స్కూలు టీచర్ని. నర్సరీలో అసలు పని, అంటే మామిడి అంట్లు కట్టడం, అత్తగారిది. టెంక నుంచి మొలిచిన మొక్క మొదలు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేతి కత్తితో చెక్కి, మంచి రకం చెట్టు పుల్లని అందులో కూర్చి, పైన ప్లాస్టిక్ టేపు చుట్టేస్తుంది. ఆవిడ కట్టిన అంటు బతికిందా అని మా చుట్టుపక్కల ఎవరూ అడగరు. ఆ వర్షాకాలం మొక్క తడిగా ఉండి కత్తి జారింది. ఎడమచేతి మధ్యవేలికి, ఉంగరపువేలికి అడుగున తెగింది. చూస్తే చిన్న గాయమే. పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని మళ్లీ పనిలో కూర్చుంది. మొక్క పట్టుకుందామంటే ఆ రెండు వేళ్లూ వంగలేదు. ఎంత ప్రయత్నించినా నిటారుగానే ఉండిపోయాయి. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

రాజమండ్రిలో ఆపరేషన్ చేసి తెగిన టెండన్లని కలిపి కుట్టారు. మా ఇంట్లో అందరం వాటిని నరాలనే అన్నాం. "కుట్టడం వరకూ నా పని అయిందమ్మా. వేళ్లు వంగేదీ లేనిదీ ఇక థెరపీలో తేలాలి" అన్నారు డాక్టరు గారు. బయటికొచ్చాక అత్తగారు, "అంటే, వంగకపోతే తప్పు మనదన్నమాట. ఎంత తెలివో ఈయనకి" అంది. నాకూ అలాగే తోచింది. ఆ వ్యవహారం మొత్తంలో మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది అప్పుడే.

థెరపీ గదిలో ఉన్న అమ్మాయిని చూడగానే నా అనుమానం ఇంకా పెరిగింది. నిన్నగాక మొన్న కాలేజీ దాటినట్టుంది. వేడినీళ్ల తొట్టిలో ఒక ప్లాస్టిక్ రేకు వేసింది. అది మెత్తబడ్డాక తీసి, అత్తగారి చేతి వెనక పరిచి, వంపులన్నీ నొక్కింది. చల్లారేసరికి గట్టిపడింది. అదే స్ప్లింట్. వేళ్లు దాని లోపలే, కొంచెం ముందుకు వంగి ఉండాలట. "అట్టు పోసి చేతికి కట్టినట్టుంది" అంది అత్తగారు నా చెవిలో. నేను నవ్వలేదు గానీ, ఇంతేనా వైద్యం అని నాకూ అనిపించింది.

తర్వాత ఆ అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది. స్ప్లింట్ తీయకూడదు. ఎడమచేత్తో ఏదీ పట్టుకోకూడదు, ఆ వేళ్లని సొంత బలంతో ముడవకూడదు. కానీ పట్టీ వదులు చేసి, కుడిచేత్తో ఆ వేళ్లని నెమ్మదిగా అరచేతి వైపు వంచాలి, మళ్లీ స్ప్లింట్‌కి ఆనేదాకా చాపాలి. పగలంతా మధ్యమధ్య చేస్తూనే ఉండాలి.

"కుట్టినవి తెగిపోవా?" అంది అత్తగారు.

"ఇలా చేస్తే తెగవు మామ్మగారూ. అసలు కదపకపోతేనే ప్రమాదం."

అత్తగారు నా వైపు చూసింది. ఎక్కడ దొరికింది నీకీ పిల్ల అని ఆ చూపుకి అర్థం.

పొద్దున బడికెళ్లే ముందూ, సాయంత్రం వచ్చాకా నేను చేయించేదాన్ని. పగలు ఆవిడే చేసుకోవాలి. నేను చెయ్యి పట్టుకోగానే ఆవిడ భుజం దగ్గర్నుంచీ బిగుసుకుపోయేది. "బడికి టైమైపోతోందని గబగబా వంచేస్తున్నావు" అనేది. బడి లేని ఆదివారం నాడూ అదే మాట. ఒకరోజు గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. "మీ కోడలు రోజూ చెయ్యి మెలిపెడుతోందటగా వదినగారూ." అత్తగారు ఏం జవాబిచ్చిందో వినపడలేదు. కాదన్నట్టు మాత్రం అనిపించలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం వేళ్లని మరీ నెమ్మదిగా వంచాను. అంత నెమ్మది కోపంతోనే వస్తుంది.

ఇక నా అనుమానాలు చెబుతాను. పొద్దున నేను వంచి వెళ్లేటప్పుడు వేళ్లు కాస్త వదులయ్యేవి. సాయంత్రానికి మళ్లీ కర్రలే. పగలు చేశారా అంటే, చేశాను. ఎన్నిసార్లు చేశారంటే, లెక్కపెడతానా ఏంటి అనేది. వేళ్ల మీద సన్నటి గీతలు కనిపించాయి. "ఇవేంటత్తయ్యా?" అంటే, "స్ప్లింట్ ఒరుసుకుంటోంది" అంది. సరే, ఆ పిల్ల కొలతే సరిగ్గా తీయలేదనుకున్నాను. ఒకరోజు మా ఆయన్ని అనుమానించాను. ఫోన్లో "నొప్పయితే మానెయ్యమ్మా" అని ఉంటారని. ఆయన్ని అడిగితే, "నేనెందుకంటాను, నాకేమన్నా పిచ్చా" అన్నారు. ఆయన మాటా పూర్తిగా నమ్మలేదు. పక్కింటావిడ ఏదో పసరు రాయించిందేమోనని అత్తగారి చెయ్యి వాసన కూడా చూశాను. చెప్పుకుంటే సిగ్గుచేటు.

తర్వాత చూపించడానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి బయటి హాల్లోనే ఒక చిన్న కొలబద్దతో వేళ్ల వంపు కొలిచింది. మొహం చిన్నబోయింది. హాల్లో బెంచీల మీద అందరూ చేతులూ కాళ్లూ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఇంట్లో చేయిస్తున్నారాండి?" అంది నాతో.

"చేయిస్తున్నానమ్మా. రోజూ."

"మరి ఇలా బిగుసుకుపోతున్నాయేంటండి?"

పక్క బెంచీ మీదున్న ముసలావిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "కోడలా?" అంది. అవునన్నాను. "అదీ" అందావిడ. అంతే. ఆ ఒక్క మాటతో హాల్లో వాళ్లందరికీ విషయం తెలిసిపోయింది. నేను అత్తగారి వైపు చూశాను. ఒక్క మాట, నా కోడలు చేయిస్తోందండీ అని ఒక్క మాట అంటుందేమోనని. ఆవిడ గోడ మీదున్న క్యాలెండర్ని చూస్తూ కూర్చుంది. ఇంటికి ఆటో ఎక్కాం. నాకు ఏడుపొచ్చింది, అది ఆవిడకి కనపడకూడదని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు పెద్ద వాన పడి తరగతి గదుల్లోకి నీళ్లొస్తే మధ్యాహ్నమే బడి వదిలేశారు. గొడుగున్నా సగం తడిసి ఇంటికొచ్చాను. అత్తగారు వెనక వరండాలో, మొక్కల సంచుల మధ్య పీట మీద కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అంటు కట్టే టేపు కొస పళ్లతో బిగించి పట్టుకుని, కుడిచేత్తో వేళ్లనీ స్ప్లింట్‌నీ కలిపి చుట్టేస్తోంది. కింది నుంచి పైకి, వరస మీద వరస, లోపలికి నీటిచుక్క దిగకుండా మామిడి మొక్కకి ఎలా చుడుతుందో అలాగే.

"ఏంటత్తయ్యా ఇది?"

పళ్లమధ్య టేపుంది కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. నింపాదిగా ముడి వేసి, కొస తెంపి, అప్పుడు అంది.

"అంటు కట్టాక మొక్కని కదుపుతామా? నువ్వే చెప్పు. కదిపితే బతుకుతుందా? పుల్ల ఇటూ అటూ ఊగిందంటే ఇక అయిపోయినట్టే. రెండు ముక్కలు కోసి కలిపినవి అతుక్కోవాలంటే కదలకుండా ఉండాలి. పొద్దున నువ్వు వంచుతావు. లోపల ఏం తెగిపోయిందో ఏంటోనని నా ప్రాణం పోతుంది. నువ్వు బడికెళ్లగానే కట్టేస్తాను, వచ్చేలోపు విప్పేస్తాను. పగలంతా అలా ఉంటే మళ్లీ పట్టుకుంటుంది కదా అని."

నాకు విషయం అర్థమవడానికి కాస్త టైము పట్టింది. పొద్దున నేను తెంపేసినదాన్ని ఆవిడ రోజూ పగలంతా కూర్చుని మళ్లీ అతికించుకుంటోంది.

"నేను తెంపేస్తున్నాననుకున్నారా?"

"నువ్వని కాదు." టేపు చుట్ట పక్కన పెట్టింది. "నువ్వే అనుకో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మరి ఆవేళ అంతమంది నన్ను దోషిని చూసినట్టు చూస్తుంటే నోరు మెదపలేదేం? కట్టేసుకుంటున్నది మీరే కదా?"

ఆవిడ గొంతు తగ్గిపోయింది. "ఈ చెయ్యి పోతే నేనేం చెయ్యాలమ్మాయ్. కొమ్మ పట్టుకోలేను. కూర్చోవాలి. నువ్వు పెడితే తినాలి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పెట్టనంటానా అని అడగబోయాను. అడగలేదు. నేను పెట్టనని కాదు ఆవిడ భయం, నేను పెట్టడమే. ఒక్కో చుట్టూ విప్పి టేపు తీశాను. "డాక్టరు గారికి మీరే చెప్పండి. నేను చెబితే కోడలు తప్పించుకోవడానికి అత్త మీద పెట్టిందంటారు" అన్నాను. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు.

మర్నాడే తీసుకెళ్లాను. ఈసారి డాక్టరు గారే హాల్లోకి వచ్చి చూశారు. వేళ్లని వంచబోయి ఆగిపోయారు. "ఇంట్లో ఎవరమ్మా చూసుకునేది?" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "చదువుకున్నవారిలా ఉన్నారు. చెప్పింది చెప్పినట్టు చేయించలేరా? టెండన్లు చుట్టూ అతుక్కుపోతున్నాయి. ఇంకొన్ని వారాల్లో కదలకపోతే మళ్లీ కోసి విడదీయాలి. అప్పుడైనా వంగుతాయని చెప్పలేను."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అత్తగారు చెప్పదనే అనుకున్నాను. రూపాయికి పదహారణాలూ అనుకున్నాను. నర్సరీలో పనివాళ్ల ముందు మాట తప్పయిందని ఒప్పుకున్న మనిషి కాదు ఆవిడ.

"నా కోడల్ని ఏమీ అనకండి డాక్టరు గారూ" అంది. గొంతు హాలంతా వినపడింది. "అది రోజూ వంచింది. బడికెళ్లే ముందు వంచింది, వచ్చాక వంచింది. నేనే కట్టేసుకున్నాను." సంచీలోంచి టేపు చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. అది తెచ్చినట్టు నాకే తెలియదు.

డాక్టరు గారికి ముందు అర్థం కాలేదు. అత్తగారే అంట్ల సంగతంతా చెప్పింది. ఆయన ఏమంటారో అనుకున్నాను గానీ, థెరపీ అమ్మాయి ముందుకొచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది.

"మామ్మగారూ, ఇది కొమ్మలాంటిది కాదండి. లంగాలో బొందు లాంటిది. బొందు తెగితే కలిపి కుట్టాం. అది లోపల అటూ ఇటూ జరుగుతుండాలి. కదపకుండా వదిలేస్తే లంగా గుడ్డతో కలిసి అతుక్కుపోతుంది. అప్పుడు మీరెంత లాగినా బిగుస్తుందా?"

అత్తగారు ఆ అమ్మాయి వైపు వంగింది. "మొదటిరోజే ఈ ముక్క చెప్పొచ్చుగా అమ్మా" అంది.

"మీరు కట్టేసుకుంటారని నాకేం తెలుసండి" అంది ఆ అమ్మాయి. హాల్లో ఎవరో నవ్వారు. అత్తగారూ నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

నేను మారిపోయాననుకోకండి. ఇంటికి రాగానే టేపు చుట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. పనివాళ్లు అడిగితే లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ చూస్తూనే ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సైకిలెక్కి ఇంటికొచ్చి వంచి వెళ్లేదాన్ని. ఆవిడ నొప్పికి చీర కొంగు నోట్లో కుక్కుకునేది. ఆపమంటారా అంటే తల అడ్డంగా ఊపేది. స్ప్లింట్ తీసేశాక తనంతట తాను ముడవడం మొదలైంది. మధ్యవేలు ముందుగా దారికొచ్చింది. ఉంగరపువేలు మొండికేసింది, సగంలో ఆగిపోయేది. మెత్తటి ముద్ద ఒకటిచ్చి పిసకమన్నారు. టీవీ చూస్తూ, కూరగాయలవాడితో బేరమాడుతూ పిసికింది. మళ్లీ కోయక్కర్లేదని డాక్టరు గారు చెప్పిన రోజున కూడా, "ఇప్పుడలాగే అంటారు" అంది.

చలికాలం దాటాక చివరిసారి వెళ్లాం. పట్టు ఎంత వచ్చిందో కొలుస్తామని ఆ అమ్మాయి ఒక పిడిలాంటి మిషను చేతిలో పెట్టింది. అత్తగారు నొక్కింది. ముల్లు ఎక్కడిదాకానో కదిలింది. "బాగుంది మామ్మగారూ" అంది ఆ అమ్మాయి. అత్తగారు ఆ ముల్లుని నమ్మలేదు. మిషను పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది.

"చెయ్యి ఇటివ్వు."

ఎందుకో తెలియక అనుమానంగానే ఇచ్చాను. మొక్క మొదలు పట్టుకున్నట్టు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఉంగరపువేలు ఆలస్యంగా వచ్చి ఆనింది. 

"ఎలా ఉంది?"

"గట్టిగానే ఉందత్తయ్యా."

"నా కోసం చెప్పకు. లాగు."

లాగాను. నా చెయ్యి రాలేదు.