జర నడిచి చూపియ్యి

ఆ రోజుల్లో పెళ్లిచూపులకు కూడా ఒక ఫ్యాషన్ వచ్చిపడింది. మాదాపూర్ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకులకు అమ్మాయి ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, చాయ తాగి, మిక్చరు నమలడం నామోషీ అయిపోయింది. 'ఇన్‌ఫార్మల్‌గా కలుద్దాం' అనేవారు. ఆ ఇన్‌ఫార్మల్ అనేది ఏమిటో చేవెళ్ల పక్కనున్న మా ఆలూరులో ఎవరికీ తెలియదు. నాకు అర్థమైనంత వరకు అది కూడా పెళ్లిచూపులే. అదే మేనత్త వస్తుంది, అలాగే పైనుంచి కిందికి చూస్తుంది, కాకపోతే చాయ మనం పెట్టక్కర్లేదు. నన్ను చూడటానికి వస్తానన్న పిల్లవాడు మొయినాబాద్ దగ్గర కొత్తగా వెలిసిన థీమ్ పార్కులో కలుద్దామన్నాడు. సిటీకీ మాకూ సగం దూరం, పైగా 'ప్రెజర్ ఉండదు' అని ఫోన్‌లో సెలవిచ్చాడు.

నేను అప్పుడే ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. (దానికి జీతం ఇస్తారంటే మా బాపు నమ్మలేదు. 'గా పని మీ అమ్మ ఊకెనే చేస్తది గద' అన్నాడు.) అమీర్‌పేటలో హాస్టల్, మెడలో ట్యాగు, మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఇష్టమొచ్చిన కూర. ఆ బతుకు వదులుకోవడం నావల్ల అయ్యే పని కాదు. అంతకుముందు వచ్చిన సంబంధాలవాళ్లందరూ పెళ్లయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నవాళ్లే. ఈ పిల్లవాడు ఒక్కడే 'చేసుకోనీ, నాకేం అభ్యంతరం లేదు' అన్నాడు. ఇక మా అమ్మ తేల్చి చెప్పేసింది. "గీ సంబంధం తప్పిందా, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి రా. చేవెళ్ల సంబంధం ఖాయం చేస్త." చేవెళ్ల సంబంధం అంటే ఎరువుల దుకాణం వాళ్లబ్బాయి. 'మా ఇంట్ల ఆడోళ్లు కొలువు చెయ్యరు' అని వాళ్లు ముందే కబురు పంపారు. కాబట్టి ఆ థీమ్ పార్కు నాకు పెళ్లి కోసం కాదు, ఉద్యోగం కోసం కావలసి వచ్చింది.

అయితే కలుద్దామనుకున్న ఆదివారానికి వారం ముందు నేను బస్సులోంచి దూకాను. మా స్టేజీ దగ్గర బస్సు పూర్తిగా ఆగే అలవాటు లేదు, మాకూ అది ఆగేదాకా ఆగే అలవాటు లేదు. చిన్నప్పటి నుంచి దూకుతూనే ఉన్నాను. ఈసారి మాత్రం కాళ్లకు మొదటి జీతంతో కొన్న హై హీల్స్ ఉన్నాయి. చేవెళ్ల దవాఖానలో డాక్టరు నా కుడి చీలమండ అటూ ఇటూ తిప్పి, నేను పెట్టిన కేక విని, బెణికిందని తేల్చి పట్టీ చుట్టాడు. రెండు వారాలు ఆ కాలు కింద పెట్టొద్దన్నాడు.

"వాయిదా వేద్దామే అమ్మా" అన్నాను.

"ఏస్తే ఎందుకని అడుగుతరు. కాలు బాగలేదంటే పిల్ల కుంటిదంటరు. ఒక్కసారి ఆ మాట లేచిందంటే నీ కాలు మంచిగైనా అది పోదు" అంది అమ్మ. ఆమె భయం అబద్ధం కాదు. మా చుట్టుపక్కల అలాంటి మాట తగిలించుకుని ఎంతమంది ఇంట్లో మిగిలిపోయారో ఆమెకు తెలుసు. ఆమె వేసిన పథకం మాత్రం వినడానికి చాలా సులువుగా ఉంది. "నువ్వు లేవకు, గంతే." ఎకరాలకు ఎకరాలున్న పార్కు మొత్తం లేవకుండా తిరిగి రావాలన్నమాట.

వాళ్లకంటే ముందే ఆటోలో చేరుకున్నాం. పట్టీ కనబడకుండా నేల ఊడ్చే పొడుగు పరికిణీ కట్టించింది అమ్మ. గేటు దగ్గర వాచ్‌మన్ నా అవస్థ చూసి వీల్‌చైర్ తెస్తే, అది అపశకునమన్నట్టు అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "బండి మంచిగనే ఉన్నది గదనే" అని బాపు నన్ను అందులో కూర్చోబెట్టి, టాయ్ ట్రైను పక్కనున్న బెంచీ దాకా తోసుకొచ్చాడు. నన్ను బెంచీ మీదికి మార్చాక ఆ బండిని క్రోటన్ మొక్కల వెనక దాచి, దానికి కాపలాగా తనూ అక్కడే నిలబడిపోయాడు.

పిల్లవాడు వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, ఆదివారం కూడా మెడలో కంపెనీ ట్యాగు. వెంట వాళ్ల నాన్న, మేనత్త. ఆ నాన్నగారు రోజంతా నవ్వడం తప్ప ఏమీ మాట్లాడలేదు. మాట్లాడే పనంతా మేనత్తదే, ఆ ఇంటి సంబంధాల్లో ఆమె మాటే హైకోర్టు. నేను కూర్చునే నమస్తే పెట్టాను. మేనత్త కనుబొమలు పైకి లేచాయి. అమ్మ వెంటనే అందుకుని, "సాఫ్ట్‌వేర్ కద వదినా, కూసొనే అలవాటు" అంది.

"అట్లా ఒక రౌండ్ నడుద్దామా?" అన్నాడు పిల్లవాడు.

"నాకు టాయ్ ట్రైన్ అంటే చాలా ఇష్టమండీ" అన్నాను. అది రెండడుగుల దూరంలో ఉంది మరి. అమ్మ నా నడుం చుట్టూ చెయ్యి వేసి, ప్రేమ పొంగి పొర్లుతున్నట్టు హత్తుకుని ఎక్కించింది. మేము చిన్నపిల్లల మధ్య మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. పిల్లవాడు తన భావాలు చెప్పాడు. ఆడా మగా తేడా లేదన్నాడు. రెండో చుట్టులో కట్నం ఒక సాంఘిక దురాచారం అన్నాడు. మూడో చుట్టుకు వంట ఇద్దరూ చెయ్యాలన్నాడు. నేను ఎంతకీ దిగకపోయేసరికి ఆయన అభ్యుదయం అలా పెరుగుతూ పోయింది. చివరికి ట్రైను నడిపే ఆయన వెనక్కి తిరిగి, "అక్కా, పిలగాండ్లు లైన్ల ఉన్నరు, జర దిగుతరా?" అని బతిమాలాడు.

అమ్మ మళ్లీ అలాగే హత్తుకుని దింపింది. పక్కనే చెరువు. నీళ్లలో హంస ఆకారపు పెడల్ బోట్లున్నాయి. కూర్చుని చేసే పనే కదా అని సంబరపడి ఒప్పుకున్నాను. ఎక్కాక గానీ తెలియలేదు, అది కాళ్లతో తొక్కాలి. నేను పరికిణీ కింద పాదాలు రెండూ కదలకుండా పెట్టుకుని కూర్చున్నాను. సంసారంలో సమాన భాగస్వామ్యం గురించి చెబుతూ ఆయన ఒక్కడే తొక్కాడు. మధ్యలోకి వెళ్లేసరికి చొక్కా తడిసి ట్యాగు ఒంటికి అతుక్కుపోయింది.

"మీరు తొక్కుతలేరా?" అన్నాడు రొప్పుతూ.

"తొక్కుతనే ఉన్నానండీ" అన్నాను.

గట్టుకు చేరేసరికి నా కాలు బూరెలా ఉబ్బింది. మెట్టు మీద కూలబడ్డాను. మేనత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. "పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఒక్కపారి గుడ సక్కగ లేచి నిలవడలే. ఏమనుకోకు బిడ్డా, జర గా ఐస్‌క్రీం బండి దాక నడిచి చూపియ్యి."

నేను పిల్లవాడి వైపు చూశాను. ఒక్క మాట అంటాడనుకున్నాను, ఇప్పటిదాకా అన్ని మాటలన్నాడు కదా. ఆయన సెల్‌ఫోన్ ఎత్తి సిగ్నల్ కోసం ఆకాశంలో వెతుకుతున్నాడు. కాసేపటికి, "నడవండి, ఊరికే ఫార్మాలిటీకి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పరికిణీ అంచు ఎత్తి పట్టీ చూపించాను.

"బస్సు దిగుతుంటే బెణికింది. వారమైతే మంచిగైతది."

"పుట్టుకతోని లేదని గ్యారంటీ ఏంది?" అంది మేనత్త.

అమ్మ ముఖం పాలిపోయింది. ఉద్యోగం, హాస్టల్, క్యాంటీన్ అన్నీ నీళ్లలో కొట్టుకుపోతున్నట్టే ఉంది నాకు. ఎలాగూ పోతున్నాయి కదా అనే తెగింపు కూడా వచ్చింది. "నేను నడుస్త. మొదలు ఆయన్ని నడిచి చూపియ్యమనుండ్రి" అన్నాను.

"ఓస్, అదెంత పని! నడువురా" అంది మేనత్త.

పాపం, ఆయన నడిచాడు. మనిషిని నిలబెట్టి 'నడువు, చూస్తాం' అంటే నడక ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. చేతులు ఒంటికి అంటుకుపోయాయి, మెడ బిగుసుకుపోయింది, ఏ కాలు ముందు వెయ్యాలో మరిచిపోయి ఐస్‌క్రీం బండి దగ్గర ఒక్కసారి తడబడ్డాడు. అప్పటికి బాపు మొక్కల వెనక నుంచి వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చేశాడు. ఎద్దును చూసినట్టు శ్రద్ధగా చూసి, "ఎడమ దిక్కు జర ఒరుగుతలేడా?" అన్నాడు.

అమ్మ ఆపుకోలేకపోయింది. (తప్పు కనబడితే ఆపుకోవడం ఆమె వల్ల కాదు.) "చేతులు గుడ ఊగుతలేవు" అంది.

"మా పిలగానికేం రోగం!" అని మేనత్త అరిచింది.

"గ్యారంటీ ఏంది అక్కా?" అన్నాడు బాపు నెమ్మదిగా.

వాళ్లు వెళ్లిపోయాక నాకు ఏడుపొచ్చింది. బాపు నన్ను బండిలో కూర్చోబెట్టి, "టికెట్టు ఉన్నది, జెయింట్ వీల్ ఎక్కకుండ పోతమా?" అన్నాడు. అక్కడ చాంతాడంత క్యూ. అప్పుడు మా అమ్మ, పొద్దున ఆ బండిని చూసి వెనక్కి తగ్గిన మా అమ్మే, బాపును పక్కకు నెట్టి బండి తనే పట్టుకుంది. "జరుగుండ్రి, జరుగుండ్రి! బిడ్డకు కాలు బాగలేదు!" అని పార్కంతా వినబడేలా అరుస్తూ జనాన్ని చీల్చుకుంటూ తోసుకుపోయింది. వీల్ పైకి వెళ్లి ఆగినప్పుడు చేవెళ్ల రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. అమ్మ కళ్లు మూసుకుని, ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. అలాగే కళ్లు తెరవకుండా, "హాస్టల్ ఖాళీ చెయ్యకు తియ్యి" అంది. "చేవెళ్లోళ్లు గుడ నడువుమనే రకమే."

తర్వాత రెండేళ్లకు వచ్చిన సంబంధంలో బాపు ముందే అడిగేశాడు. "బాబూ, జర గేటు దాక నడిచి చూపియ్యి." ఆ అబ్బాయి ఎందుకని అడగకుండా ఈల వేసుకుంటూ వెళ్లి వచ్చి, "ఇంకోపారి నడువుమంటరా మామా?" అన్నాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఈల వేస్తున్నది ఆయనే.

మొన్న మోకాళ్ల నొప్పులని వెళ్తే, మా అమ్మాయి వయసున్న డాక్టరు నన్ను చూసి, "కొంచెం తలుపు దాకా నడిచి చూపించండమ్మా" అన్నాడు. 'మొదలు నువ్వు నడువు నాయనా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. బాపు ఉండి ఉంటే ఆయనా దగ్గేవాడే. ఆ డాక్టరు పిల్లాడు ఏమనుకుంటాడోనని లేచి, తలుపు దాకా నడిచి వచ్చి కూర్చున్నాను. "ఎట్ల నడిచిన?" అని మా ఆయన్ని అడిగాను.

"ఎడమ దిక్కు జర ఒరుగుతున్నవ్" అన్నాడు, అచ్చం మా బాపు గొంతుతో.