మిర్చి గోడౌన్ నుంచి తిరిగొచ్చిన స్టోరేజ్ బాక్స్

"ఆ పెద్ద డబ్బా జోలికి వెళ్లకు. నేను పొన్నూరు నుంచి వచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు మా ఆయన, స్కూటర్ మీద కూర్చుని.

"మీ డబ్బాలతో నాకేం సరదా? వచ్చేటప్పుడు పెరుగు తీసుకురండి, చేతులూపుకుంటూ రాకండి" అన్నాను.

మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు అవే. పొన్నూరులో ఒక రైస్ మిల్లు ఆఫీసులో యూపీఎస్ బిగిస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

కరోనా తగ్గిన మరుసటేడు, ఎండలు ముదిరే రోజులవి. గుంటూరు బ్రాడీపేటలో మాకు పాత కంప్యూటర్ల షాపు ఉంది. హైదరాబాద్‌లో మూతపడిన కంపెనీల నుంచి పాత సర్వర్లు కొని తెచ్చి, బాగుచేసి, ఇక్కడి ఆసుపత్రులకీ కాలేజీలకీ అమ్ముతాం. చదవడం, రాయడం, ఫోన్లు మాట్లాడటం ఆయన పని. విప్పడం, తుడవడం, బిగించడం నా పని. నాకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, ఇంగ్లీషు అసలు రాదు. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా ఆడపడుచు సరళ రాస్తోంది.

ఆయన పోయిన రోజు పొద్దున లారీలో దిగిన డబ్బా పేరు స్టోరేజ్ బాక్స్. మీ కంప్యూటర్లో ఒక డిస్క్ ఉంటుంది కదా, ఫొటోలూ ఫైళ్లూ దాచుకునేది. అలాంటివి వరసగా ఒక అర నిండా పెట్టి, ఒకటి పాడైనా మిగతావి దాన్ని కాచుకునేలా చేసిన పెట్టె అది. వెనకవైపు రెండు కంట్రోలర్లు ఉంటాయి. అంటే రెండు బుర్రలన్నమాట. ఒకటి పడిపోతే రెండోది పని అందుకుంటుంది. పవర్ సప్లైలు కూడా రెండు. ముందువైపు డిస్కులు. ఎడమ చేతి వైపు నుంచి మొదటి నాలుగు డిస్కుల్లో ఆ పెట్టె సొంత తెలివి ఉంటుంది. స్విచ్ వేయగానే అది ముందు వాటినే చదువుకుని లేస్తుంది. మిగతావి ఉత్త గిడ్డంగులు. పాత సొమ్ము కాబట్టి ఆ గిడ్డంగులన్నీ తుడిచేసిన ఖాళీవి. ఇదంతా ఆయన నోటితో విన్నదే. హైదరాబాద్‌లో దాన్ని కళ్లముందు ఆన్ చేయించి, లేచాకే కొన్నాడు.

మా వీధిలోనే స్కానింగ్ సెంటర్ నడిపే డాక్టరు గారి కోసం తెచ్చాడు దాన్ని. ఆయన దగ్గరున్న పాత పెట్టె రోజుకోసారి మొరాయిస్తోంది. రోగుల స్కానులన్నీ అందులోనే.

షాపు మూసి ఉన్న రోజుల్లో మా బావగారు సామానంతా నల్లపాడు రోడ్డులో ఉన్న తన మిర్చి గోడౌన్‌కి తరలించారు. మా ఆయనకి పెద్దన్నగారు, యార్డులో కమీషన్ వ్యాపారం. ఆయన మామూలుగా మాట్లాడినా వీధి చివరకి వినపడుతుంది. పెద్దకర్మ అయ్యాక నేను షాపు తెరుస్తానని ఆయనకి చెప్పాను.

"నువ్వేం చేస్తావమ్మాయ్ ఒక్కదానివి? పాత ఇనుము కింద ఇచ్చేసి మా ఇంటికొచ్చేయ్. మీ అక్క నీకోసం గది కూడా ఖాళీ చేసింది" అన్నారు. అక్క అంటే మా తోడికోడలు.

"డాక్టరు గారి డబ్బా ఒక్కటి లేపి చూస్తాను బావగారూ. లేవకపోతే మీరు చెప్పినట్టే వింటాను."

"ఎప్పటి దాకా?"

"ఆదివారం దాకా."

"ఆదివారం దాటితే తాళాలు షాపు ఓనర్‌కి ఇచ్చేయడమే" అని సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపారు. డాక్టరు గారు కూడా అదే మాటన్నారు. "మీ మీద గౌరవం ఉందమ్మా. కానీ నా పెట్టె ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. ఆదివారం చూసి, విజయవాడ వాళ్లకి చెప్పేస్తాను." ఆ డబ్బా లేస్తే షాపు నాది. లేవకపోతే బావగారింట్లో గది.

ప్లగ్ పెట్టి స్విచ్ వేశాను. పంకాలు హోరున లేచాయి. ఇలాంటి పెట్టె మొదట గాలివానలా అరుస్తుంది. బుర్ర మేలుకున్నాక పంకాలకి నెమ్మదించమని చెబుతుంది, అప్పుడు హోరు తగ్గుతుంది. ఇది తగ్గలేదు. వెనక కంట్రోలర్ మీద పసుపు దీపం కొట్టుకుంటూనే ఉంది. టీ పెట్టుకుని తాగి వచ్చినా అంతే.

మూత తీశాను. మిర్చి గోడౌన్‌లో ఉండి వచ్చిన సరుకు కదా, లోపలంతా ఎర్ర దుమ్ము. బ్లోయర్ పెట్టగానే నేనూ సరళా తుమ్ములే తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. మా పై అంతస్తులో కోచింగ్ సెంటర్ ఉంది. అక్కడి లెక్కల మాస్టారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగొచ్చాడు.

"ఏమండీ, కంప్యూటర్లకి తాలింపు పెడుతున్నారా?"

"మీకూ ఒక గరిటె వేయమంటారా?" అంది సరళ. ఆయన ఇంకో తుమ్ము తుమ్మి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

దుమ్ము పోయింది, పసుపు దీపం పోలేదు. పవర్ సప్లైలు ఒకటి తీసి ఒకటి ఉంచి చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. మెమరీ చిప్‌లు తీసి, కాళ్లు తుడిచి పెట్టాను. ఒక కంట్రోలర్ తీసేసి రెండోదాంతో నడిపాను. తర్వాత రెండోది తీసి మొదటిదాంతో నడిపాను. రెండూ అదే చోట ఆగాయి, అదే దీపం, అదే కొట్టుకోవడం.

అక్కడ కూర్చుని ఆలోచించాను. రెండు బుర్రలూ ఒకేసారి, ఒకేలా చెడిపోవడం జరగని పని. జబ్బు వాటిల్లో లేదు. ఆ రెండూ దేని మీద ఆధారపడ్డాయో అందులో ఉంది.

మా ఆయన బ్యాగులో కన్సోల్ కేబుల్ ఉంటుంది. దాని ఒక కొస పెట్టెకీ, ఇంకో కొస లాప్‌టాప్‌కీ తగిలిస్తే, లేచేటప్పుడు పెట్టె లోపల అనుకునే మాటలన్నీ తెర మీద కనపడతాయి. సరళని ముందు కూర్చోబెట్టాను.

"వదినా, ఇవి పరుగెడుతున్నాయి. ఎలా చదవను?"

"పరుగెత్తేవాటిని వదిలేయ్. ఆగిన చోట చదువు."

ఆగింది. సరళ వేలు పెట్టి చదివి, "సిస్టమ్ డిస్కులు దొరకలేదు అంటోంది" అంది.

ముందుకు వచ్చి చూశాను. మొదటి నాలుగు డిస్కులూ ఆకుపచ్చ దీపాలతో దివ్యంగా వెలుగుతున్నాయి. డిస్కులు బతికే ఉన్నాయి, పెట్టె మాత్రం అవి లేవంటోంది. పెళ్లి పందిట్లో ఎవరో నలుగురు వచ్చి ముందు వరసలో కూర్చుంటే, మావాళ్లేరీ అని పెళ్లికూతురు వెతుక్కున్నట్టుంది.

అప్పుడు వరసంతా ఒకసారి పరికించి చూశాను. డిస్కుల పిడులు ఎడమ చివర మంచి నలుపు, మధ్యలో గీతలు పడ్డవి, కుడి చివర వెలిసినట్టున్నవి. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. హైదరాబాద్ కంపెనీలో ఇంత ముచ్చటగా ఎవరు పేరుస్తారు?

బావగారికి ఫోన్ చేయించాను.

"డిస్కులు బయటికి తీశారా బావగారూ?"

"తీయకుండా ఆ బరువెవడు ఎత్తుతాడు? బస్తాలు మోసే ముఠా వాళ్లు తీసి ఖాళీ మిర్చి టిక్కీ సంచుల్లో వేశారు. నీకు పంపేముందు మరియమ్మ చేత శుభ్రంగా తుడిపించి పెట్టించాను. బాగుందా లేదా?"

"చాలా బాగుంది" అని ఫోన్ పెట్టేసి, సరళని తీసుకుని ఆటో ఎక్కాను.

మరియమ్మ నాకు పెళ్లికి ముందు నుంచీ తెలుసు. ఇద్దరం ఒకే కళ్లంలో కూర్చుని కాయల తొడిమలు తీశాం. నేను షాపుకి వచ్చేశాను, ఆమె గోడౌన్‌లో ఏరుడు పనికి పెద్ద అయింది. రాశి ముందు కూర్చుని, చేతులు ఆపకుండానే నన్ను చూసింది.

"ఏమే రమణా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?"

"ఆ ఇనప పెట్టెలో ముక్కలు ఎట్లా సర్దావే?"

"ఎట్లా అంటే? కాయలేరినట్టే. మంచి రంగున్నవి ముందు, మచ్చవి మధ్యలో, తాలు చివర. తప్పా?"

"ఇనప ముక్కల్లో తాలేంటే!"

"నాలుగింటికి మొహం మీద పట్టీలాగా తెల్లగా పాలిపోయి ఉంది. ముందుంటే బేరం పోతుందని చివరకి తోశా. నీ మంచికేగా."

మిర్చి తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రంగు పోయి తెల్లబడిన కాయ తాలు. అది కనపడగానే చెయ్యి దానంతటదే పక్కకి తోసేస్తుంది. నేనైనా అంతే చేసేదాన్ని.

"పాలిపోయిన చోట ఏమైనా అంటించి ఉందా?" అడిగాను.

"ఏదో ఎర్ర కాగితం, నాలుగింటినీ కలిపి అడ్డంగా. ముఠా వాళ్లు లాగినప్పుడే చిరిగింది. మిగిలిన ముక్కలు నేను గోరుతో గీకి పారేశా."

సరళ నెత్తి కొట్టుకుంది. "ఆ కాగితం మీద వీటిని తీయొద్దని రాసుంటుంది మరియమ్మా!"

"రాసుంటే? నాకు చదువొచ్చా, ముఠా వాళ్లకొచ్చా, మీ వదినకొచ్చా?"

ముగ్గురం ఒకటే నవ్వు. ఆయన పోయాక నేను పళ్లు కనపడేలా నవ్వింది అదే మొదలు. మరియమ్మ రాశి వదిలేసి కొంగు దులుపుకుంది. "పద, నేనూ వస్తా. నా తాలు ఏం చేస్తుందో చూడాలి." లోపలి నుంచి అంతా విన్న బావగారు కారు తీశారు.

షాపుకి వచ్చి పవర్ ఆపి, కుడి చివర ఉన్న నాలుగు డిస్కులూ తీసి బల్ల మీద పెట్టాను. నాలుగింటి పిడుల మీదా కాగితం బంక పట్టిన మేర రంగు పోయిన పట్టీ ఉంది. అవే అని తేలింది. కానీ ఏది మొదటిది, ఏది చివరిది? తారుమారైతే మళ్లీ లేవదు.

వాటిని పక్కపక్కన పెట్టి కళ్లు ఆ ఎత్తుకి వంచి చూశాను. ఆ కాగితం అంటించినవాడెవడో వంకరగా అంటించాడు. చల్లగా ఉండాలి వాడి కడుపు! ఒక డిస్క్ మీద పట్టీ పైన ఉంది, ఇంకోదాని మీద కొంచెం దిగింది, ఇంకోదాని మీద ఇంకొంచెం. చీర ముక్కలు అతికేటప్పుడు అంచు గీత కలుపుకోమా, అలా కలుపుకుంటూ జరిపాను. పట్టీ ఎడమ నుంచి కుడికి ఒక్క తిన్నని వాలుగా కుదిరింది.

"తలకిందులుగా పెట్టలేదు కదా వదినా?" అంది సరళ. పిడి మీద గొళ్లెం ఒకవైపే ఉంటుంది, తిరగేసి పెట్టినా దూరదు. అయినా ఇంకోసారి చూసుకున్నాను.

ఎడమ చివర ఉన్న నల్లటి అందగాళ్లని తీసి కుడి చివరకి పంపి, నా నాలుగు తాలుకాయల్నీ వరసగా మొదటి నాలుగు అరల్లోకి తోశాను. గొళ్లేలు టక్కున పడ్డాయి. స్విచ్ వేశాను.

హోరు మొదలైంది. బావగారు అరుస్తున్నారు కానీ ఆయన అరుపు కూడా వినపడటం లేదు. మరియమ్మ చెవులు మూసుకుంది. నేను పసుపు దీపం మీదే చూపు పెట్టాను. సరళ తెర మీద వేలు పెట్టి, "ఆగలేదు వదినా, ఇందాక ఆగిన చోటు దాటింది, ఇంకా వెళుతోంది" అని గొంతు చించుకుంది.

ఉన్నట్టుండి హోరు దిగింది. ముందు ఒక మెట్టు, తర్వాత ఇంకో మెట్టు, చివరికి తిరగలి ఆడుతున్నంత చిన్న చప్పుడు. పసుపు దీపం ఆరి నీలం దీపం వెలిగింది. షాపంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణాన బావగారి గొంతు ఒక్కటే మిగిలింది.

"లేచిందా అమ్మాయ్?"

"లేచింది బావగారూ! నిద్రపోయే పిల్లలు కూడా లేస్తారు, మెల్లగా!"

"ఒరేయ్ మాస్టారూ! కిందికి రారా! మా అమ్మాయి డబ్బా లేపింది!" అని మెట్ల దగ్గరికి వెళ్లి కేక పెట్టారు. కోచింగ్ సెంటర్ బోర్డు చూసి పిలవడమే గానీ, ఆ మాస్టారెవరో ఆయనకి తెలియనే తెలియదు. పైనున్న పిల్లలంతా కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. మరియమ్మ నీలం దీపానికి దండం పెట్టి, "నా తాలే గెలిచింది చూశావా" అంది, వాటిని చివరకి తోసింది తానే అన్నది మర్చిపోయి.

ఆదివారం దాకా ఆగలేదు. శనివారమే డాక్టరు గారిని పిలిచి, ఆయన ముందే ఆపి, మళ్లీ లేపి చూపించాను. ఒక డిస్క్ లాగేసి కూడా చూపించాను. పెట్టె కీచుమందే గానీ ఆగలేదు. ఆయన చెయ్యి జాపి, "మీ ఆయన మాట నిలబెట్టారమ్మా" అన్నారు.

"ఆయన మాట కాదండీ, ఇది నా మాట. రేపు ఏదైనా తేడా వస్తే నన్నే పిలవండి" అన్నాను. ఇప్పటికీ నన్నే పిలుస్తున్నారు. డాక్టరు గారు చెప్పగా ఇంకో రెండు ఆసుపత్రులు కూడా పిలుస్తున్నాయి. బావగారు తాళాల సంగతి మళ్లీ ఎత్తలేదు. పైగా యార్డులో ఎవరి కంప్యూటర్ ఆగినా, "మా అమ్మాయుంది" అని నాలుగు కొట్ల అవతలికి వినపడేలా చెబుతున్నారట.

ఆ పెట్టె నేర్పింది ఒకటుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నాను. అంతకుముందు పాత సరుకు షాపుకి రాగానే నేను దాన్నే విప్పేదాన్ని. ఇప్పుడు ముందు మనుషుల్ని విప్పుతాను. ఇది ఎవరు మోశారు, ఎవరు తుడిచారు, వాళ్లు రోజూ ఏం పని చేస్తారు అని అడుగుతాను. ప్రతి చేతికీ ఒక అలవాటుంటుంది. ఆ చెయ్యి ఏది ముట్టుకున్నా తన అలవాటు ప్రకారమే సర్దుతుంది. తెలిసీ చెడగొట్టరు, బాగుచేయబోతారు. అందుకే లోపాన్ని పాడైన చోట కాకుండా, బాగా సర్దిన చోట వెతుకుతాను.

చాలు సరళా, ఇక రాయకు. మొదటి నుంచి గట్టిగా ఒకసారి చదివి వినిపించు. నా మాట తీసేసి ఎక్కడెక్కడ నీ మర్యాద మాటలు పెట్టావో చూస్తాను.