గడగడ చెప్పిన మాట

షర్టుల కార్ఖానాలో బొత్తాలు కుట్టే ఆవిడను పిల్లలంతా బొత్తాలత్త అనేవారు. పని దిగాక ఇంటికి పోకుండా, తన తోడికోడలు నడిపే సాయంకాలపు చదువు కేంద్రానికి తిన్నగా వెళ్లేది. జీతం లేదు, భత్యం లేదు. వెనకబడిన పిల్లల పక్కన కూర్చోవడం, తడబడితే ఓపిక పట్టడం, అలిగితే బుజ్జగించడం, అంతే ఆవిడ పని. తోడికోడలు చదువుకున్నది, మాటకారి. "పిల్లలు నీకైతేనే మచ్చికవుతారక్కా" అని ఆమె మెచ్చుకుంటే ఈవిడకు కడుపు నిండిపోయేది.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతి ఉండేది. ఏ పాఠమైనా తడుముకోకుండా అప్పజెప్పేస్తుందని అందరూ గడగడ అని పిలిచేవారు. ఒకరోజు ఆ పిల్ల చదువుతూ పొరపాటున రెండు కాగితాలు కలిపి తిప్పేసింది. నోరు మాత్రం దాటిపోయిన పేజీలోని మాటలనే చదువుకుంటూ పోయింది. బొత్తాలత్త మెల్లగా పుస్తకం మూసింది.

"నీకు చదవడం రాదు కదమ్మా?"

పిల్ల గోళ్లు గిల్లుకుంది. "క్లాసులో చదువుతుంటే విని గుర్తుపెట్టుకుంటానత్తా. రాయమంటే చూసి బొమ్మలా గీసేస్తా. ఎవరికీ చెప్పకండి. మా అమ్మక్కూడా."

"చెప్పను."

ఆనాటి నుంచి అందరూ వెళ్లాక ఇద్దరూ మూల గదిలో కూర్చునేవారు. 'మ'కీ 'య'కీ తేడా దగ్గరే పిల్ల బోల్తాపడేది. నేర్చుకున్నది మర్నాటికి గాలికి పోయేది. తనకు తెలిసిన విద్యంతా అయిపోయాక బొత్తాలత్తకు భయమేసింది. ఇలాంటి పిల్లలకు చెప్పే పద్ధతులేవో తోడికోడలు శిక్షణలో నేర్చుకుందని గుర్తొచ్చి, వాళ్లింట్లో కూరగాయలు తరుగుతూ ఆమెకు గుట్టు విప్పింది.

"ఇది మన మధ్యే ఉండాలి. పిల్ల నన్ను నమ్మి చెప్పింది."

"నేనెవరితో అంటానక్కా? కడుపులో పెట్టుకుంటాను."

పద్ధతి కూడా చెప్పింది. పళ్లెంలో ఇసుక పోసి, అక్షరాన్ని పలుకుతూ వేలితో దిద్దించమంది. అది పనిచేసింది. కూడబలుక్కుంటూనైనా పిల్ల ఓ చిన్న కథ సొంతంగా చదివిన రోజున ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

తర్వాత కేంద్రం వార్షికోత్సవం వచ్చింది. విరాళాలిచ్చే పెద్దలు, బడి టీచర్లు, తల్లిదండ్రులతో హాలు నిండిపోయింది. తోడికోడలు మైకు అందుకుంది.

"మా దగ్గరికి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చిందండీ. పాఠాలన్నీ గడగడా అప్పజెప్పేది. తీరా చూస్తే అక్షరం ముక్క రాదు. ఇవాళ ఆ పిల్ల కథలు చదువుతోంది."

చప్పట్లు మోగాయి. ముందు వరసల్లోని పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. తల్లి కూతురి మొహంలోకి చూసింది. ఆ పిల్ల మాత్రం బొత్తాలత్త వంకే చూస్తోంది.

తెరవెనక తోడికోడల్ని నిలేసింది. "అదేంటే, అలా చెప్పేశావు?"

"పేరు చెప్పలేదు కదక్కా. పెద్దలు ఎంత కదిలిపోయారో చూశావా? ఆ పిల్లను గొప్పగానే చెప్పాను."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది. కోసినావిడకు మాత్రం తన చేతిలో కత్తి ఉందన్న సంగతే తెలియదు.

పిల్ల కేంద్రానికి రావడం మానేసింది. బడిలో కోతిమూక దాన్ని ఇంకా గడగడ అనే పిలుస్తోంది, ఇప్పుడు వెటకారంగా. బొత్తాలత్త ఆ పిల్ల ఇంటికి వెళ్లింది. పిల్ల గది తలుపు తియ్యలేదు.

"తప్పయిందమ్మా. నీకు సాయం అవుతుందని ఒక్కరికే చెప్పాను."

"నేనూ ఒక్కరికే చెప్పానత్తా," అంది పిల్ల లోపల్నుంచి.

ఆవిడ గుమ్మం దిగి వచ్చేసింది. మళ్లీ కేంద్రం గడప తొక్కలేదు. ఆ పిల్లకు బడిలో ఒక టీచరమ్మ చదువు చెబుతోందనీ, బాగానే పట్టుబడుతోందనీ కొన్నాళ్లకు తెలిసింది. వినగానే గుండె బరువు సగం దిగింది. మిగతా సగం, ఆ పిల్ల వీధిలో ఎదురైనప్పుడల్లా తనను చూసి అవతలి పక్కకు దాటిపోతుంటే, అలాగే ఉండిపోయింది.

ఒక సాయంత్రం తోడికోడలు ఇంటికొచ్చింది. "పిల్లలు నీకోసం అడుగుతున్నారక్కా. ఈసారి అలా జరగదు. నాదీ పూచీ."

బొత్తాలత్త ఆమెకు కాఫీ ఇచ్చింది. క్షేమ సమాచారాలు అడిగింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక తీసుకెళ్లి కడిగి బోర్లించింది.