పూజిత పేరు మీద సంతోష

చేవెళ్ల రోడ్డు మీది హిమాయత్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కి లోపలి ఊరి హైస్కూలు దగ్గర దిగేసరికి సమతకు రోజూ ఎనిమిదింబావు అయ్యేది. ఆటో కోసం నిలబడే వేళకు ఆ రోడ్డు మీదే కంపెనీ బస్సులు గచ్చిబౌలి వైపు పోతుండేవి. ఆమెతో చేవెళ్లలో డిగ్రీ చదివినవాళ్లు ముగ్గురు వాటిలో ఉండేవారు. మొదట్లో చెయ్యి ఊపేది. తర్వాత తర్వాత ఫోన్ చూసుకునేది.

ముప్పై నాలుగేళ్ల వయసుకు ఆమె చూసిన సర్కారు పథకాల్లో ఇది మూడోది. మొదటిది కాంట్రాక్టు గడువు తీరి ఆగిపోయింది. కంప్యూటర్ గది తాళంచెవి రెండేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నా ఎవరూ అడగలేదు. రెండోది కరోనా నాటి ఫోన్ పాఠాల పని, బడి తెరవగానే పోయింది. మూడోది 2022 ఆగస్టులో వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆరు వారాల ఆన్‌లైన్ కోడింగ్ కోర్సు. పాఠం హైదరాబాద్ నుంచి తెర మీద వస్తుంది. నడిపేది ఒక ప్రైవేటు ఏజెన్సీ, ఖర్చు ప్రభుత్వానిది. పిల్లలను కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లు తెరిచి, అర్థం కానిచోట మళ్లీ చెప్పడం సమత పని.

నిబంధనల్లో గట్టిది ఒక్కటే. బడి రిజిస్టర్లో పేరున్న పిల్లలు కనీసం ఇరవై మంది పరీక్ష రాసి కోర్సు పూర్తి చేయాలి. అప్పుడే ఆ సెంటర్‌కు నిధులు. పందొమ్మిదయితే రాసినవాళ్లకు సర్టిఫికెట్లు వస్తాయి గానీ సెంటర్ మూతపడుతుంది, సమత ఇంటికి పోతుంది.

ఇరవై నాలుగు మందితో మొదలయింది. ఇద్దరికి గురుకులంలో సీటు వచ్చింది. ఒకడు చిల్కూరు దగ్గర మేనమామ కొబ్బరికాయల దుకాణంలో కుదిరాడు. ఇంకొకడు ఎందుకు మానాడో వాడి ఇంట్లోనూ తెలియదు. మిగిలింది సరిగ్గా ఇరవై.

ఇరవయ్యో పేరు పూజితది. రెండో వారంలో ఆ కుర్చీలో వేరే పిల్ల కనిపించింది. అదే యూనిఫాం, అదే జడ, మనిషి మాత్రం రెండేళ్లు పెద్ద.

"నువ్వెవరు?"

"పూజిత వాళ్ల అక్కను మేడమ్. సంతోష. పూజిత చామంతులు తెంపవోయింది. అమ్మ నన్ను తోలింది."

"నువ్వెందుకు పోలే పూలకు?"

ఆ పిల్ల రెండు చేతులూ చాపింది. మణికట్టు దాకా చర్మం పగిలి, ఎర్రగా కందిపోయి ఉంది. "చామంతి పసరు నాకు పడది మేడమ్. గందుకే ఇంట్ల వంట నాది, పూలు దానియి."

తల్లి దవాఖానలో పడ్డప్పుడు సంతోష తొమ్మిదిలో బడి మానింది. మళ్లీ ఎక్కలేదు. ఆ ఊళ్లో ఒకరికి బదులు ఒకరు పనికి పోవడం తప్పు కాదు. జ్వరమొస్తే ఆడబిడ్డ పోతుంది, ఆడబిడ్డ పుట్టింటికి పోతే తోటికోడలు పోతుంది. సాయంత్రానికి మనిషి లెక్క సరిపోతే చాలు. సమత కూడా అలాంటి ఇళ్లలో పెరిగిన మనిషే. ఆమెకూ వింతగా అనిపించలేదు. క్లాసులో కెమెరా తలలను లెక్కపెడుతుంది, ముఖాలు చూడదు. తలలు ఇరవై ఉన్నాయి. "కూసో" అంది.

తర్వాత నాలుగు వారాలూ సంతోషే వచ్చింది. హాజరు పిలిచినప్పుడు పూజిత పేరుకు చెయ్యెత్తేది. తెర మీద సారు అడిగినదానికి మిగతావాళ్లు గోడ వంక చూస్తుంటే ఈమె కొట్టి చూపించేది. వెనక బెంచీ పోరగాళ్లు "డూప్లికేట్ పూజిత ఒరిజినల్ కంటే మంచిగున్నది" అనేవారు. సమత వాళ్లను కసరలేదు, నవ్వలేదు. ఆ ఏడాది ఆమెకు రెండూ తగ్గిపోయాయి.

పరీక్షకు పది రోజుల ముందు ఏజెన్సీ సూపర్‌వైజర్ నాగేందర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, కొత్త సర్క్యులర్ వచ్చింది. పరీక్ష రోజు కెమెరాల ముఖం, బడి రికార్డుల ఫోటో కలవాలె. కలవకపోతే మీరు వేలిముద్ర వేసి ధ్రువీకరించాలె. ఎక్కడనో పక్కూరి పిల్లలను కూసోబెట్టి బిల్లు లేపిండ్రంట."

"సరే సార్."

"మీకేం ఫికర్ లేదు గదా?"

"లేదు సార్."

సాయంత్రం ఆమె పూజిత వాళ్ల చేను దగ్గరికి పోయింది. ఎకరంన్నర కౌలు భూమి, గట్టు అవతల ఎవరిదో ఫామ్‌హౌస్ ప్రహరీ. తల్లి అంతమ్మ గంపలు సర్దుతోంది.

"అంతమ్మా, ఇరవై నాలుగో తారీకు శనివారం పూజితను తోలాలె. ఒక్క పూట."

"శనివారమా? తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ గదమ్మా. ఏడాది మొత్తంల పూలకు గిరాకీ ఉండే రోజు. ఆ రోజు పరీక్ష పెట్టినోనికి ఇంట్ల ఆడోళ్లు లేరా?"

"ఆఫీసోళ్లు పెట్టిండ్రు."

"సంతోష వస్తది తియ్యి. దానికే అన్నీ వస్తయంట గదా."

"సంతోష పేరు బడిల లేదు. ముఖం కలవాలె."

అంతమ్మ గంప కింద పెట్టింది. "కరువు పనిల నా ఉపాధి కార్డు మీద మా తోటికోడలు పోయింది. గడ్డపార పట్టిన చెయ్యి ఎవలదని సర్కారు అడిగిందా? మన్ను తవ్వినమా లేదా, గంతే. ఈడ సదువు వచ్చిందా లేదా, గంతే గదా?"

పూల సాళ్ల మధ్య నుంచి పూజిత లేచి నిలబడింది. "నేనొచ్చినా ఏం రాస్త మేడమ్? ఐదు క్లాసులే విన్న."

"వచ్చి కూసుంటే నేను చూసుకుంట. పాస్‌కు ఎనిమిది మార్కులే. రోజూ సాయంత్రం జర చెప్త."

చెప్పింది కూడా. ఆరు సాయంత్రాలు గట్టు మీద కూర్చుని చెప్పింది. పూజితకు ఎనిమిది మార్కులంత వచ్చింది. అంతమ్మ "తోలిస్త, నీ మీద ఒట్టు" అంది.

శనివారం తొమ్మిదికి పందొమ్మిది మంది కూర్చున్నారు. ఇరవయ్యో కుర్చీలోకి యూనిఫాం వేసుకుని సంతోష వచ్చింది.

"రాత్రి మార్కెట్ నుంచి ఫోన్ వచ్చింది మేడమ్, ఇంకో పది గంపలు కావాలన్నరు. అమ్మ దాన్ని చేన్ల కెళ్లి కదలనియ్యలే."

కెమెరా ఆమె ముఖాన్ని చూసింది. ముఖం కలవలేదని తెర మీద ఎర్రగా వచ్చింది. దాని కింద ఒక ప్రశ్న: ఈ విద్యార్థిని పూజితేనా? అవును, కాదు. పక్కనే వేలిముద్ర యంత్రం పచ్చగా వెలుగుతోంది.

అవును అంటే ఇరవై. అక్కాచెల్లెళ్ల పోలిక కాబట్టి ఎవరూ తవ్వరు. సమత బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది. అవునే నొక్కుదామనుకుంది. ఎందుకో, అడగాల్సిన పని లేకపోయినా, అడిగింది.

"నీ పేరేంది?"

"పూజిత" అంది సంతోష.

తడుముకోలేదు. అబద్ధం చెబుతున్న ముఖం కాదది. నాలుగు వారాలు పలికీ పలికీ అలవాటైన జవాబు. రోజూ హాజరు పిలిచి అలా పలికించింది ఎవరో సమతకు తెలుసు.

సమత 'కాదు' నొక్కి వేలు పెట్టింది. తెర మీద పూజిత, గైర్హాజరు అని వచ్చింది.

"మేడమ్, తప్పు నొక్కిండ్రు" అంది సంతోష.

"లేదు."

"మరి నేనేం చెయ్యాలె?"

మూలన ఒక లాప్‌టాప్ మిగిలి ఉంది. సమత అందులో నమూనా పరీక్ష తెరిచింది. అది ఎవరైనా రాయొచ్చు, ఎక్కడా లెక్కకు రాదు. "పేరు అడుగుతది. నీదే కొట్టు."

సంతోష పగిలిన వేళ్లతో ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. నలభై నిమిషాల్లో ఇరవైకి పదిహేడు తెచ్చుకుంది. మిగతా గదిలో ఎవరికీ పదమూడు దాటలేదు.

పదకొండుకు నాగేందర్ ఫోన్. "పందొమ్మిది చూపిస్తున్నది మేడమ్. ఒక్క బటన్. ఒక్కటి. రిజెక్ట్ చేసింది మీరేనా?"

"నేనే సార్."

"మీకు ముందుగాల తెలుసా?"

"రెండో వారం నుంచి తెలుసు."

"ఇవన్నీ ఫోన్ల చెప్పకుర్రి. లాప్‌టాప్‌లు సర్ది పెట్టండి, సోమవారం బండి వస్తది."

పిల్లలు పండుగ సెలవుల హుషారులో వెళ్లిపోయారు. సంతోష ఆగి, తీగలు చుట్టి డబ్బాల్లో పెట్టడానికి సాయం చేసింది. ఏ ఛార్జర్ దేనిదో ఆమెకే బాగా తెలుసు.

"మేడమ్, బడిల పేరు లేనోళ్లకు గిసుంటి కోర్సు ఏమన్న ఉంటదా?"

"ఓపెన్ స్కూల్ల పది కట్టొచ్చు. ఈ కోర్సు మాత్రం ఉండది."

"కట్టనీకె ఏం కావాలె?"

"ఆధార్, ఫోటో. ఎనిమిది దాకా చదివిన కాయిదం."

"ఆ కాయిదం ఈ బడిలనే ఉంటదా?"

"ఉంటది. సెలవులైనంక పెద్దసారును అడుగు."

"మీరు అడుగుర్రి మేడమ్."

"అప్పటికి నేనుండ."

సంతోష తల ఊపింది. అమ్మ, చెల్లె పూలకాడి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచాలని చెప్పి, గబగబా వెళ్లిపోయింది. సమత హాజరు పట్టీ తీసి, రెండో వారం నుంచి పూజిత పేరు ఎదుట తను పెట్టిన టిక్కులన్నీ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన సంతకం చేసింది. ఆ పని అయ్యేసరికి పన్నెండు దాటింది. గదికి తాళం వేసి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.