అన్న కారుకు తెచ్చిన పెద్ద కన్వర్టర్

పోయిన నెల తెలిసినవారి కొత్త కారులో కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వెళ్లాను. క్లచ్ లేని కారు. దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే ఆయన ఆపాడు. మంద దాటాక బ్రేకు మీద నుంచి కాలు తీశాడంతే, ఇంకేమీ తొక్కకుండానే బండి మెల్లగా ముందుకు జరిగింది. అది ఎందుకలా జరుగుతుందో నాకు తెలుసు. బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇంజన్ల గురించి ఇంకేమీ తెలియదు, ఇదొక్కటే తెలుసు, అదీ మా అన్న వల్ల. అన్న పోయి ఏడాది దాటింది.

తొంభైల చివర కుందుర్పి దారిలో బస్సులు తక్కువని, జీపులే దిక్కని ఆ వైపువారికి గుర్తుండే ఉంటుంది. అన్న జీపు తోలేవాడు. బాగా తోలేవాడు, వేగంగా కూడా. వానలు లేక ఏళ్ల తరబడి ఎండిపోయిన ఒక చెరువులో ఎండాకాలం పందేలు జరిగేవి. బళ్లారి నుంచి, అనంతపురం నుంచి పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించుకుని వచ్చేవారు. కట్ట దగ్గర నుంచి ఎదుటి తుమ్మచెట్ల దాకా తిన్నగా తోలడమే, బహుమతి అంటూ ఏమీ ఉండేది కాదు. భాయ్ సిద్ధం చేసిన కారులో అన్న మూడేళ్లు వరసగా గెలిచాడు. భాయ్ అంటే కళ్యాణదుర్గంలో మెకానిక్, అన్నతో కలిసి చదువు మానేసినవాడు.

తరువాత లారీ గుద్ది అన్నకు ఎడమ మోకాలు వంగకుండా పోయింది. క్లచ్ తొక్కలేనివాడికి ఆ రోజుల్లో డ్రైవరు పని లేదు. ఏడాదిపాటు భాయ్ షెడ్డులో బల్ల మీద కూర్చుని, ఇతరుల బండ్ల శబ్దం విని ఏది ఎక్కడ పాడైందో చెబుతూ గడిపాడు. క్లచ్ అక్కరలేని గేర్‌బాక్సులు బెంగళూరు గుజరీలో, పాత సామాన్ల బజారులో, దొరుకుతాయని భాయ్ విని వచ్చాక మళ్లీ మనిషయ్యాడు. పాత అంబాసిడర్ బాడీ ఒకటి, జపాన్ ఇంజను ఒకటి, గేర్‌బాక్సు ఒకటి, విడివిడిగా, నెలల తేడాలో వచ్చి చేరాయి. గేర్‌బాక్సు చౌకగా వచ్చిందంటే అందులో కన్వర్టర్ లేదు గనుక.

క్లచ్ ఉండవలసిన చోట నూనె నిండిన గుండ్రటి ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది, అదే కన్వర్టర్. ఇంజను నూనెను తిప్పుతుంది, నూనె గేర్‌బాక్సును తిప్పుతుంది; బ్రేకు వదలగానే బండి తనంతట జరిగేది అందుకే. గుజరీలో మా గేర్‌బాక్సుకు సరిపోయేవి రెండే దొరికాయి. చిన్నది, బండి కదలకముందే ఇంజను వేగాన్ని బాగా పెరగనిస్తుంది. కాబట్టి నిలిచిన చోటు నుంచి కారు ఎగిరినట్టు పోతుంది, కానీ నూనె కాగిపోతుంది. పెద్దది ముందే పట్టుకుంటుంది; కారు బద్ధకంగా కదులుతుంది, ఎంత ఎండలో ఎంతమందిని ఎక్కించినా వేడెక్కదు. రెండింటి ధర ఒకటే. “దుడ్లు ఒకదానికే ఉండాయి. నువ్వు సదివినోనివి, ఆ బుక్కు సూసి నువ్వే సెప్పురా,” అన్నాడు అన్న. గేర్‌బాక్సుతోపాటు మసి పట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. అది చదవగలిగినవాడిని నేనొక్కడినే.

ఆ వారంలోనే వదిన నన్ను వాకిట్లో నిలబెట్టి అడిగింది. “ఏమప్పా, మీయన్న అది పందేనికి తెచ్చుకుంటాండాడా, కొంపకు తెచ్చుకుంటాండాడా? నీ మాటైతే ఇంటాడు.” ఇద్దరు ఆడపిల్లలు అప్పుడు బడికి పోతున్నారు.

పుస్తకం రెండుసార్లు పూర్తిగా చదివాను. చిన్నది వేడెక్కుతుందన్న మాట అన్నకు చదివి వినిపించాను. దాని కిందే మరొక వాక్యం ఉంది: రేడియేటరు ముందు నూనె చల్లబరిచే చిన్న కూలర్ బిగిస్తే చిన్నది రోజువారీ పనికి కూడా ఇబ్బంది లేదని. భాయ్ పాత రేడియేటరు ముక్కతో దాన్ని ఒక పూటలో చేసి ఉండేవాడు. ఆ వాక్యం నేను అన్నకు చదివి వినిపించలేదు. మళ్లీ పందేలకు పోతే ఈసారి మోకాలితో ఆగదని నా భయం. పెద్దదే మేలన్నాను. అన్న పెద్దదే తెచ్చుకున్నాడు.

ఆ ఎండాకాలం చెరువుకు పోయాడు. నేనూ పోయాను. పందెం మొదలని తువ్వాలు దించగానే పక్కనున్న బళ్లారి కారు దుమ్ములో కలిసిపోయింది. మా కారు బస్టాండులో బస్సు కదిలినట్టు కదిలింది. కట్ట మీద నుంచి ఎవరో అరిచారు. “ఏమన్నా, బాడుగకు ఎవురన్నా ఎక్కుతారని నిలిపినావా?” అన్న తల బయటపెట్టి, “ఎక్కురా, కుందుర్పిలో దింపుతా,” అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా. మళ్లీ చెరువుకు పోలేదు.

ఆ కారుతోనే పదిహేడేళ్లు బాడుగలు తోలాడు, ఆసుపత్రులకు, కోర్టులకు, పెళ్లిళ్లకు. నడి వేసవిలో కూడా అది ఒక్కసారీ దారిలో నిలిచిపోలేదు. పిల్లలిద్దరూ చదువుకున్నారు. మా మరిది మాట వల్లే బాగుపడ్డామని వదిన అందరికీ చెప్పేది.

చివరి రోజుల్లో ఒకసారి ఇద్దరం భాయ్ షెడ్డులో ఉన్నాం. బెంగళూరు కారు ఒకటి బానెట్టు తెరిచి ఉంది. రేడియేటరు ముందున్న చిన్న జాలీని అన్న చేతికర్రతో చూపించి అదేమిటని అడిగాడు. “గేర్‌బాక్సు నూనె సల్లబరిచేదన్నా. ఇది మనకు అప్పుడే తెలిసింటే ఆ చిన్నదే బిగించేటోల్లం,” అన్నాడు భాయ్. అన్న నా వైపు చూశాడు. పుస్తకం నేను రెండుసార్లు చదివానని ఆయనకు తెలుసు. “ఎండెక్కువైంది, పోదాం పా,” అని తనే కారు తోలి నన్ను ఇంటి దగ్గర దింపాడు. ఆ తరువాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు భాయ్ షెడ్డుకు వచ్చేవాళ్లు ఫోను పట్టుకుని వస్తారు. ఏ ఇంజనుకు ఏ కన్వర్టర్ నప్పుతుందో, దేనికి ఏ కూలర్ కావాలో అడిగితే ఆ ఫోనే తెలుగులో చెబుతుంది, వద్దన్నా మొత్తం చెబుతుంది. ఇంగ్లీషు వచ్చినవాడి కోసం ఎవరూ ఎదురుచూడనక్కరలేదు. వాళ్లే వింటారు, వాళ్లే తేల్చుకుంటారు, తప్పయితే అది వాళ్ల తప్పే అవుతుంది. అన్నకు అలాంటి తప్పొకటి చేసే వీలు నేను ఉంచలేదు.